ఆంగ్ల కాల్పనిక కవిత్వం - సామాజిక నేపథ్యం: 'ప్రకృతి' భావన పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్ల సాహిత్యంలో సుమారు 1780 నుంచి 1832 వరకు వికసించిన కవిత్వాన్ని కాల్పనిక కవిత్వంగా వ్యవహరిస్తున్నాం. ప్రకృత్యారాధన, ఆత్మాశ్రయత, ఊహాశక్తి దీని ప్రధాన లక్షణాలుగా తెలుగు విమర్శలోను, పాఠ్యగ్రంథాల్లోను స్థిరపడ్డాయి. సామాజిక నేపథ్యాన్ని ప్రస్తావించే రచనలు సైతం ఫ్రెంచి విప్లవాన్ని, పారిశ్రామిక విప్లవాన్ని మొదట పేర్కొని, ఆ తర్వాత వాటిని విడిచి కవితాలక్షణాల వివరణకు వెళ్తున్నాయి. నేపథ్యానికి, కవితకు మధ్య గల సంబంధం వివరణకు నోచుకోవడం లేదు. ఉమ్మడి భూముల కంచెవేత, రాజ్యనిఘా, పీటర్లూ హత్యాకాండ అనే మూడు సందర్భాల ఆధారంగా వర్డ్స్‌వర్త్, జాన్ క్లేర్, షెల్లీ, కీట్స్ కవితలను పరిశీలించి, ఆ సంబంధం మూడు రీతుల్లో వ్యక్తమవుతుందని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: కాల్పనికోద్యమం, కంచెవేత చట్టాలు, ప్రకృతి, ఉమ్మడి భూమి, పీటర్లూ, పలాయనవాదం, భావకవిత్వం.

1. ఉపోద్ఘాతం

కాల్పనిక కవి సమాజానికి దూరంగా కొండల్లోకి, వాగుల్లోకి వెళ్ళిపోయాడన్న అభిప్రాయం మన తరగతి గదుల్లో బలంగా ఉంది. ఈ అభిప్రాయాన్ని అంగీకరిస్తే రెండు ప్రశ్నలకు సమాధానం దొరకదు. మొదటిది: సమాజంతో పనిలేని కవుల మీద ప్రభుత్వం గూఢచారిని ఎందుకు నియమించింది? రెండవది: కొండలూ, వాగులూ అప్పటికి ఎవరి అధీనంలో ఉన్నాయి? రెండో ప్రశ్న మరింత మౌలికమైనది. 'ప్రకృతి' అని మనం ఒక్క మాటలో తేల్చివేస్తున్నది ఆ కాలపు ఇంగ్లండులో కొలతలు వేసి, హద్దులు గీసి, పత్రాలు రాసి, చేతులు మారుతున్న భూమి. దాన్ని గురించి రాసిన కవి సమాజాన్ని గురించి రాయలేదని అనడం సాధ్యమేనా అన్నది ఈ వ్యాసంలోని మూల ప్రశ్న.

2. పేరు తెచ్చిన చిక్కు

ఈ కవులు తమను తాము 'కాల్పనికులు'గా పిలుచుకోలేదు. సమకాలీన విమర్శకులు వారిని 'సరస్సుల కవులు', 'కాక్నీ కవులు' అని విభజించారు. బైరన్, షెల్లీల వంటి వారిని ఉద్దేశించి సదే 1821లో 'సైతాను కవిబృందం' అన్న పేరు తెచ్చాడు. వీరందరినీ ఒకే ఉద్యమంగా చూడటం తర్వాతి కాలపు సాహిత్య చరిత్రకారుల పని. 1924లో ఆర్థర్ లవ్‌జాయ్ ఈ పదం ఏకవచనంలో వాడదగినది కాదని, కాల్పనికతలు అనేకమని వాదించాడు. 1949లో రెనే వెల్లెక్ ఊహాశక్తి, ప్రకృతి, ప్రతీకలకు సంబంధించిన ఉమ్మడి దృక్పథం వీరిని కలుపుతుందని సమాధానం చెప్పాడు. మన పాఠ్యగ్రంథాల్లోని లక్షణాల పట్టిక స్థూలంగా వెల్లెక్ వాదానికి దగ్గరగా ఉంటుంది.

తెలుగులో మరో చిక్కు ఉంది. 'రొమాంటిక్' అన్న ఆంగ్లపదం మధ్యయుగాల సాహసగాథలైన రొమాన్సుల నుంచి వచ్చింది. దానికి మనం స్వీకరించిన 'కాల్పనిక' శబ్దం కల్పన అన్న మాట నుంచి వచ్చింది. కవిత్వశాస్త్ర పరిభాషలో కల్పన సృజనశక్తి. లోకవ్యవహారంలో మాత్రం అది లేనిదాన్ని ఉన్నట్లు చెప్పడం. ఈ రెండో అర్థపు నీడ మొదటి అర్థం మీద పడింది. వాస్తవికతకు ఎదురుగా కాల్పనికతను నిలబెట్టే అలవాటు మనకు కొంతవరకు ఈ అనువాద పదం వల్లనే ఏర్పడిందని భావించవచ్చు.

3. భూమి, అప్పు, కంచె

3.1 చారిత్రక స్థితి: ఇంగ్లండు గ్రామాల్లో బీడుభూములు, పచ్చికబయళ్ళు, చిత్తడినేలల మీద గ్రామస్థులకు ఆచారసిద్ధమైన ఉమ్మడి హక్కులుండేవి. పశువులను మేపుకోవడం, వంటచెరకు తెచ్చుకోవడం వంటివి ఇందులో భాగం. పార్లమెంటు చట్టాల ద్వారా ఈ భూములను విభజించి, కంచెలు వేసి, వ్యక్తిగత ఆస్తులుగా మార్చే ప్రక్రియను ఎన్‌క్లోజర్ అంటారు. 1604 నుంచి 1914 వరకు ఇటువంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండు వైశాల్యంలో ఐదోవంతుకు కొంచెం ఎక్కువ, వీటి పరిధిలోకి వచ్చింది. వీటిలో అధికభాగం 18వ శతాబ్ది ఉత్తరార్ధంలోను, 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లోను వచ్చినవే. అంటే కాల్పనిక కవిత్వ కాలం, కంచెవేత ఉద్ధృతంగా సాగిన కాలం చాలావరకు ఒక్కటే.

కంచె వల్ల వ్యవసాయోత్పత్తి పెరిగిందని వాదించే చరిత్రకారులున్నారు. ఆ చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఒక ఆవును ఉమ్మడి బీడులో మేపుకొని బతికే కుటుంబానికి ఆ బీడు పోవడంతో కూలి ఒక్కటే ఆధారమైందన్నది మాత్రం ఇక్కడ గ్రహించవలసిన విషయం.

3.2 వర్డ్స్‌వర్త్ 'మైకేల్': 'లిరికల్ బాలడ్స్' రెండో ముద్రణలో (1800) చేరిన కథాకావ్యం ఇది. వృద్ధుడైన గొర్రెలకాపరి మైకేల్‌కు తాతతండ్రుల నాటి భూమి ఉంది. అన్నదమ్ముల బిడ్డకు హామీ ఉన్నందువల్ల అప్పు మీద పడుతుంది. భూమిలో కొంత అమ్మడం ఇష్టం లేక ఏకైక కుమారుడు లూక్‌ను సంపాదనకు పట్నం పంపుతాడు. పంపేముందు గొర్రెల దొడ్డికి మొదటి రాయి కొడుకు చేత వేయిస్తాడు. లూక్ పట్నంలో చెడిపోయి దేశాంతరం పోతాడు. దొడ్డి పూర్తి కాదు. దంపతులు మరణించాక భూమి పరాయివారి పాలవుతుంది. ఇల్లున్న చోట నాగలి సాగుతుంది.

ఈ కావ్యంలో కంచెవేత లేదు. భూమి పోయింది హామీ వల్ల, అప్పు వల్ల. ఈ భేదాన్ని గుర్తించకుండా నాటి గ్రామీణ కవితలన్నిటినీ కంచెవేతకు ముడిపెట్టడం పొరపాటు. అయితే వర్డ్స్‌వర్త్ ఉద్దేశం మాత్రం స్పష్టంగా సామాజికమే. 1801 జనవరిలో ఆయన ఈ సంపుటాన్ని ప్రతిపక్ష నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్‌కు పంపుతూ ఒక లేఖ రాశాడు. సొంత భూమి గల చిన్న రైతుల కుటుంబానుబంధాలకు ఆ చిన్నకమతమే ఆధారమని, యంత్ర పరిశ్రమలు, అనాథ శ్రమశాలలు ఆ బంధాలను తెంచుతున్నాయని అందులో వాపోయాడు. ఒక కవి తన కవితను పార్లమెంటు సభ్యుని ముందు సాక్ష్యంగా ఉంచడం గమనార్హం.

కావ్యం మొదట్లో కవి పాఠకునికి వాగు పక్కన పడి ఉన్న రాళ్ళగుట్టను చూపిస్తాడు. దారిన పోయేవాడికి అది ప్రకృతిలో భాగంగానే కనిపిస్తుంది. కథ పూర్తయ్యేసరికి అది పూర్తికాని దొడ్డి అని, ఒక కుటుంబం ఆగిపోయిన చోటు అని తెలుస్తుంది. ప్రకృతిగా కనిపించినదాన్ని చరిత్రగా చదవడం నేర్పుతున్న కావ్యమిది. దీనిని 'ప్రకృత్యారాధన' అన్న శీర్షిక కింద ఉంచితే కావ్యం చేస్తున్న పనికి సరిగ్గా వ్యతిరేకమైన పనిని మనం చేసినట్లవుతుంది.

3.3 జాన్ క్లేర్: మన సాహిత్య చరిత్రల్లో అరుదుగా కనిపించే క్లేర్ (1793-1864) ఈ చర్చకు కీలకం. నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్ గ్రామంలో వ్యవసాయ కూలీ కుటుంబంలో పుట్టాడు. ఆ గ్రామానికి సంబంధించిన కంచెవేత చట్టం 1809లో వచ్చింది. తుది పంపకం 1820లో పూర్తయింది. అదే 1820లో ఆయన మొదటి సంపుటం వెలువడింది. కీట్స్ కావ్యాలను ప్రచురించిన టేలర్, హెస్సీలే దానినీ ప్రచురించారు. 'రైతుకవి' అన్న ముద్రతో అది వెంటనే ప్రసిద్ధమైంది. అయితే సంపదను నిందించే పంక్తుల పట్ల పోషకుడైన లార్డ్ రాడ్‌స్టాక్ అభ్యంతరం చెప్పడంతో తర్వాతి ముద్రణల్లో అవి తొలగిపోయాయి. పల్లె అందాన్ని వర్ణించే కూలీకవి పోషకులకు కావాలి. ఆ పల్లె ఎవరి చేతుల్లోకి పోయిందో చెప్పే కూలీకవి అక్కర్లేదు. ఈ ఘటనను 'ప్రకృతికవి' అన్న ముద్ర ఎలా తయారవుతుందో తెలిపే ఉదాహరణగా తీసుకోవచ్చు.

క్లేర్ జీవితకాలంలో అచ్చుకాని 'ది మోర్స్' కవిత హద్దుల్లేని బయలుతో మొదలవుతుంది. మొదటి పంక్తుల్లో చూపుకు అడ్డులేదు. కన్ను ఆకాశపుటంచు దాకా సాగిపోతుంది. కంచె ప్రవేశించాక బయలు చిన్నచిన్న మడులుగా ముక్కలవుతుంది; నిత్యం నడిచిన బాట మీద దారి లేదని చెప్పే పలక వెలుస్తుంది. బయలు నుంచి ముక్కలకు సాగే ఈ మార్పులో దృశ్యవర్ణనే రాజకీయ వాదంగా పనిచేస్తుంది. 'ది లామెంట్ ఆఫ్ స్వార్డీ వెల్' కవితలో క్లేర్ మరో అడుగు ముందుకు వేశాడు. అక్కడ మాట్లాడేది కవి కాదు, భూమి. కంచెవేతలో పారిష్ పరమైన ఆ నేల, పారిష్ దయమీద బతికే నిరుపేద గొంతుతో తన కథ తానే చెప్పుకుంటుంది. నేలకూ కూలీకీ పట్టిన గతి ఒకటే అని వాచ్యంగా చెప్పనవసరం లేకుండా ఈ కంఠస్వరం ఎంపికే చెబుతుంది.

కీట్స్ ప్రకృతిని చూసినట్లుగా కాక ఊహించినట్లుగా వర్ణిస్తాడని క్లేర్ ఒకచోట ఆక్షేపించాడు. ప్రకృతిని దృశ్యంగా చూసేవాడికీ, అందులో పనిచేసి బతికేవాడికీ మధ్య ఉన్న దూరం ఈ ఆక్షేపణలో వ్యక్తమవుతోంది. కాల్పనిక కవుల ప్రకృతి అంతా ఒకటే అన్న భావనను ఇది నిలవనీయదు.

4. నిఘా నీడలో కవిత్వం

1789 నాటి ఫ్రెంచి విప్లవం యువకవులను ఉత్తేజపరచిన సంగతి తెలిసిందే. ఆ ఉత్తేజం స్వదేశంలో ఎదుర్కొన్న పరిస్థితులను మన రచనలు అంతగా వివరించలేదు. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైంది. 1794లో హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేశారు. అదే ఏడు పార్లమెంటరీ సంస్కరణలు కోరిన థామస్ హార్డీ, హార్న్ టుక్, జాన్ థెల్వాల్‌లపై రాజద్రోహ విచారణ జరిగింది. జ్యూరీ వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. 1795లో సభలను, రచనలను నియంత్రించే రెండు చట్టాలు వచ్చాయి. 1799, 1800లలో కార్మిక సంఘాలను నిషేధించారు.

1797 వేసవిలో థెల్వాల్ సోమర్‌సెట్‌లో కోల్రిడ్జ్, వర్డ్స్‌వర్త్‌లను కలిశాడు. ఆ కవుల కదలికలను గమనించేందుకు హోంశాఖ ఒక గూఢచారిని పంపింది. మరుసటి ఏడు ఆ ఇద్దరి కలం నుంచి 'లిరికల్ బాలడ్స్' వెలువడింది. ఇందులో బిచ్చగత్తెలు, మతిచలించిన తల్లులు, యుద్ధంలో సర్వం కోల్పోయిన స్త్రీలు, వంటచెరకు కోసం కంచెపుల్లలు దొంగిలించే ముసలమ్మ కనిపిస్తారు. సామాన్యుల వాడుకభాషకు దగ్గరగా రాయాలన్న సిద్ధాంతం 1800 నాటి పీఠికలో వచ్చింది. సామాన్యుడికి ఓటు అడిగితే రాజద్రోహమయ్యే కాలంలో సామాన్యుడి భాషకు కావ్యగౌరవం అడగడాన్ని కేవలం శైలీవిషయంగా పరిగణించలేం.

బ్లేక్ విషయంలో ఇది మరింత స్పష్టం. పొగగొట్టాలు శుభ్రం చేసే పసివాళ్ళ రక్షణకు 1788లో చట్టం వచ్చినా అది ఆచరణలో విఫలమైంది. 1789, 1794 సంపుటాలు రెండింటిలోనూ బ్లేక్ ఆ బాలుర మీద కవితలు రాశాడు. మొదటి కవితలో బాలుడు దేవదూత ఓదార్పును నమ్ముతాడు. రెండో కవితలో ఆ ఓదార్పును ప్రశ్నిస్తాడు. రెండింటినీ పక్కపక్కన చదివినప్పుడే మొదటిదానిలోని అమాయకత్వం పాఠకుణ్ణి నిలదీస్తుంది. సైనికునితో జరిగిన ఘర్షణలో రాజద్రోహపు మాటలన్నాడన్న అభియోగంపై 1804లో బ్లేక్ న్యాయస్థానం ముందు నిలబడి నిర్దోషిగా బయటపడ్డాడు.

స్త్రీలకు విమర్శకుల నిఘా అదనం. యుద్ధాన్ని, బ్రిటన్ పతనాన్ని వస్తువుగా చేసుకొని అనా లెటీషియా బార్బాల్డ్ 1812లో 'ఎయిటీన్ హండ్రెడ్ అండ్ ఎలెవెన్' కావ్యం ప్రచురించింది. 'క్వార్టర్లీ రివ్యూ' ఆమెను ఎగతాళి చేసింది. ఆ తర్వాత ఆమె పెద్ద కావ్యమేదీ ప్రచురించలేదు. అదే ఏడు ఫిబ్రవరి 27న బైరన్ ప్రభువుల సభలో తన తొలి ప్రసంగం చేశాడు. మేజోళ్ళ మగ్గాలను ధ్వంసం చేసిన నాటింగ్‌హామ్ కార్మికులకు మరణశిక్ష విధించే బిల్లును అందులో వ్యతిరేకించాడు.

5. 1819: ఒకే రుతువు, రెండు కవితలు

1815లో యుద్ధం ముగిసింది. అదే ఏడు భూస్వాములకు మేలు చేసే ధాన్యచట్టం వచ్చింది. రొట్టె ధర, నిరుద్యోగం, ఓటుహక్కు లేమి కలిసి ప్రజలను సభలకు నడిపించాయి. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో సుమారు 60,000 మంది శాంతియుతంగా సమావేశమైతే అశ్వికదళం వారి మీద విరుచుకుపడింది. పదిహేను మందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. వాటర్లూ విజయాన్ని వెక్కిరిస్తూ దీనికి 'పీటర్లూ' అన్న పేరు వచ్చింది.

ఇటలీలో ఉన్న షెల్లీ సెప్టెంబరు మొదట్లో ఈ వార్త విని 'ది మాస్క్ ఆఫ్ అనార్కీ' రాశాడు. మంత్రుల పేర్లు సూటిగా ఎత్తి, వీధిపాటల నడకలో, సామాన్యులు పాడుకోగల చిన్న పద్యాల్లో రాసిన కావ్యమిది. ప్రచురణ కోసం లీ హంట్‌కు పంపాడు. యువరాజును విమర్శించినందుకు అప్పటికే రెండేళ్ళు జైలులో గడిపిన హంట్ దానిని వెంటనే అచ్చువేయలేదు. సంస్కరణ చట్టం వచ్చిన 1832లో గాని అది వెలుగు చూడలేదు; అప్పటికి షెల్లీ మరణించి పదేళ్ళయింది.

అదే సెప్టెంబరు 19న వించెస్టర్‌లో కీట్స్ 'టు ఆటమ్' రాశాడు. ఇందులో పీటర్లూ లేదు. రాజకీయం ఏదీ లేదు. కనుక పలాయనానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదని అనిపించవచ్చు. అయితే కీట్స్‌కు సంగతులు తెలియకపోలేదు. పీటర్లూ సభలో అరెస్టయి బెయిలు మీద వచ్చిన హెన్రీ హంట్‌కు లండన్ ప్రజలు ఇచ్చిన ఘన స్వాగతాన్ని సెప్టెంబరు 13న ఆయన స్వయంగా చూసి, తమ్ముడికి రాసిన లేఖలో ప్రస్తావించాడు.

కవితలో శరత్తు కూర్చున్న, నిద్రించిన, నడిచిన మనిషిగా కనిపిస్తుంది. అందులో ఒక రూపం పరిగె ఏరుకొని నెత్తిన మోసుకుంటూ వాగు దాటే మనిషిది. కోతల తర్వాత మిగిలిన వెన్నులు ఏరుకోవడం ఇంగ్లండు పేదల, ముఖ్యంగా స్త్రీల, పిల్లల ఆచారసిద్ధమైన హక్కు. 1788లో ఒక తీర్పు పరిగె ఏరుకోవడానికి సామాన్య న్యాయం కింద హక్కు లేదని తేల్చింది. ఆచారం మాత్రం పలుచోట్ల కొనసాగింది. కీట్స్ ఆ తీర్పును దృష్టిలో పెట్టుకొని రాశాడనడానికి ఆధారం లేదు. కాని సమృద్ధికి ప్రతీకగా ఆయన భూస్వామిని, గాదెల యజమానిని మాత్రమే చూపలేదు. ఏరుకొని బతికే మనిషికీ శరత్తు రూపమిచ్చాడు. 1819లో సమృద్ధిలో పేదకు భాగముందా అన్నది బతికున్న ప్రశ్న. కవిత ఆ ప్రశ్న అడగదు; ఆ ప్రశ్న లేని లోకాన్ని చూపుతుంది. ఆ లోకం ఎంత పరిపూర్ణంగా ఉంటే బయటిలోకం అంత వెలితిగా కనిపిస్తుంది.

6. విమర్శకుల వాదాలు - ఒక ప్రతిపాదన

రేమండ్ విలియమ్స్ 'ది కంట్రీ అండ్ ది సిటీ' (1973) పల్లె గురించిన సాహిత్యాన్ని ఆస్తిసంబంధాల వెలుగులో చదివింది. జెరోమ్ మెక్‌గన్ 'ది రొమాంటిక్ ఐడియాలజీ' (1983)లో, కవులు తమ గురించి తాము చెప్పుకున్నదాన్నే విమర్శకులు సత్యంగా స్వీకరించారని అన్నాడు. మార్జరీ లెవిన్‌సన్ 1986లో 'టింటర్న్ ఆబీ' కవిత ఆ పరిసరాల్లోని పేదరికాన్ని, పరిశ్రమను మరుగుపరిచిందని చూపింది. జోనథన్ బేట్ 'రొమాంటిక్ ఎకాలజీ' (1991)లో దీనికి ఎదురువాదం చేస్తూ, ప్రకృతి వైపు మరలడమే ఒక రాజకీయ వైఖరి అన్నాడు.

లేనిదాన్ని బట్టి కవితను దోషిగా నిలబెట్టే పద్ధతిలో ప్రమాదముంది. ఏ కవితలోనైనా లేని విషయాలు అనంతం. బేట్ వాదంలోని ఇబ్బంది మరొకటి: ప్రకృతి అందరిదీ అన్న మాట, అది కొందరి ఆస్తిగా మారిన చరిత్రను మరిపించవచ్చు. పై పరిశీలన ఆధారంగా సామాజిక నేపథ్యం కవితలోకి మూడు రీతుల్లో వస్తుందని ప్రతిపాదించవచ్చు.

1. వాచ్యరీతి: కవిత ఘటనను నేరుగా చెబుతుంది. షెల్లీ పీటర్లూ కావ్యం ఇందుకు ఉదాహరణ.
2. నిర్మాణరీతి: చరిత్ర కవిత రూపంలోనే ఇమిడి ఉంటుంది. 'మైకేల్'లోని రాళ్ళగుట్ట, క్లేర్ కవితలో ముక్కలయ్యే బయలు, భూమి కంఠస్వరం ఇటువంటివి.
3. జాడ రీతి: కవిత మౌనంగా ఉంటుంది గాని ఒక పదంలో, ఒక రూపంలో జాడ మిగులుతుంది. కీట్స్ పరిగె ఏరే మనిషి, 'టింటర్న్ ఆబీ'లో ఇల్లులేని దేశదిమ్మరుల ప్రస్తావన ఇటువంటివి.

కవితలో జాడ చూపగలిగినప్పుడే మౌనాన్ని అర్థవంతంగా పరిగణించాలి. జాడ లేని చోట చరిత్రను కవితమీద రుద్దడం విమర్శ కాదు. ఈ నియమం లెవిన్‌సన్ పఠనాన్ని నిరాకరించదు; దానికి హద్దు ఏర్పరుస్తుంది.

7. తెలుగు విమర్శకు అన్వయం

రాయప్రోలు, కృష్ణశాస్త్రి తరం చదువుకున్న కాలంలో పాల్‌గ్రేవ్ 'గోల్డెన్ ట్రెజరీ' (1861) భారతీయ కళాశాలల్లో విస్తృతంగా చదివించిన సంకలనం. గేయానికి ప్రాధాన్యమిచ్చిన ఆ సంకలనకర్త కథాకావ్యాలను, అంత్యప్రాసలేని పద్యాలను ప్రాయికంగా పక్కన పెట్టాడు. ఆ ప్రమాణం ప్రకారమే 'మైకేల్' వంటివి అందులో చేరే అవకాశం లేకపోయింది. పీటర్లూ కావ్యం కూడా అందులో లేదు. కనుక తెలుగు పాఠకుని చేతికి వచ్చిన కాల్పనిక కవిత్వం అప్పటికే ఒకసారి వడపోతకు గురైనది. భావకవిత్వాన్ని పలాయనవాదమని ఆక్షేపించినవారు, ఆ గుణం ఆంగ్లమూలం నుంచే వచ్చిందని భావించినప్పుడు, మూలానికీ సంకలనానికీ మధ్య ఉన్న ఈ తేడాను లెక్కలోకి తీసుకోలేదు. భావకవిత్వంలోని ప్రకృతికి వలసపాలన నాటి భూసంబంధాలతో పొత్తు ఉందా, ఉంటే పై మూడింటిలో ఏ రీతిలో ఉంది అన్నది విడిగా పరిశోధించదగిన అంశం.

8. ముగింపు

వర్డ్స్‌వర్త్ 1813లో ప్రభుత్వోద్యోగం స్వీకరించాడు. 1843లో ఆస్థానకవి అయ్యాడు. క్లేర్ చివరి ఇరవై ఏళ్ళకు పైగా నార్తాంప్టన్ మానసిక చికిత్సాలయంలో గడిపి 1864లో అక్కడే మరణించాడు. ఒకరిని ప్రకృతికవిగా ప్రతిష్ఠించి, మరొకరిని దాదాపు మరచిన సాహిత్య చరిత్రే మన పాఠ్యప్రణాళికలకు ఆధారమైంది. ప్రకృతి, ఆత్మాశ్రయత, ఊహ అన్న లక్షణాలు అసత్యాలు కావు. అవి ఏ నేల మీద మొలిచాయో చెప్పనంతవరకు అసంపూర్ణాలు. కాల్పనికోద్యమాన్ని బోధించేటప్పుడు లక్షణాల పట్టికతో పాటు కనీసం 'మైకేల్', 'ది మోర్స్', 'టు ఆటమ్' కవితలను పక్కపక్కన చదివించడం అవసరం. ఆ మూడింటిలోని నేల ఒకే నేల కాదని గుర్తించిన విద్యార్థికి పలాయనమన్న తీర్పు అంత తేలిగ్గా రాదు.